మా హౌసింగ్ సొసైటీకి 40 ఏళ్లు, వేడుక ఎలా చేయాలో చెప్పండి

అందరికీ నమస్కారం అండి. మాది నెల్లూరు. మా కాలనీ సొసైటీ పెట్టి వచ్చే నవంబరుకు 40 ఏళ్లు, బాగా చేద్దామని నలుగురం అనుకున్నాం గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

అప్పట్లో మా నాన్న లాంటి చిన్న జీతాల వాళ్లు, విడిగా స్థలం కొనే స్తోమత లేక, 1964 సహకార సంఘాల చట్టం కింద సంఘం రిజిస్టర్ చేయించి, వాటా సొమ్ము కట్టి, ఊరి బయట చేను కొని, ప్లాట్లు వేసి లాటరీ తీసుకున్నారు. అమ్మ గాజులు అమ్మి కట్టిన వాయిదా రసీదు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఎంత వాటా ఉన్నా ఓటు మాత్రం మనిషికి ఒక్కటే. ఆ మొదటి సభ్యుల్లో పదకొండు మందే మిగిలారు, అందుకే నాకీ తొందర.

నవంబరు 14 నుంచి 20 దాకా సహకార వారోత్సవాలు కదా, ఆ వారంలోనే ఏడు రంగుల సహకార జెండా ఎగరేసి, పెద్దవాళ్లకు శాలువా కప్పి, అందరం కలిసి చేపల పులుసుతో భోంచేయాలని ఉంది (శాకాహారులకు వేరే పొయ్యి, అది తప్పదు). కానీ మనకు అవి వానల రోజులు. షామియానా నమ్ముకోవచ్చా, హాలు తీసుకోవాలా?

ఖర్చుకు సంఘం డబ్బు వాడాలంటే సర్వసభ్య సమావేశం తీర్మానం చాలా, ఇంకేమైనా అనుమతి కావాలా? లేక ఇంటింటికీ చందా మేలా?

అన్నిటికన్నా టెన్షన్ ఇది: తర్వాత కొనుక్కుని వచ్చినవాళ్లు, అద్దెకున్నవాళ్లు సగానికి పైనే. వాళ్లకూ ఇది తమ పండగే అనిపించాలంటే ఏం చేయాలి? మీ కాలనీలో చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.