బూసాన్‌లో అమ్మతో మూడు నెలలు: ఎక్కడెక్కడికి తిప్పొచ్చు?

అందరికీ నమస్తే. పోస్ట్‌డాక్ కోసం బూసాన్ వచ్చి రెండు వారాలైంది. వచ్చే వారం అమ్మ వస్తోంది, మూడు నెలలుంటుంది. మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టదు. శని ఆదివారాల్లో ఎక్కడికి తీసుకెళ్లొచ్చు? నాకు కొరియన్ రాదు.

---

చెల్లీ, ముందు ఒక మాట. గమ్‌చన్ రంగుల ఊరికి మొదటి వారమే పరిగెత్తకు. ఫోటోల్లో బాగుంటుంది కానీ అంతా కొండవాలు, మెట్లు. మా అత్తగారు సగం దారిలో కూర్చుండిపోయి "నువ్వు చూసి రామ్మా, నేనిక్కడే ఉంటా" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో జండూబామ్ వాసనే.

హేఉండే బీచ్‌తో మొదలుపెట్టు. మీపో నుంచి సోంగ్‌జంగ్ దాకా పాత రైలు పట్టాల మీదే బీచ్ ట్రైన్ నడుపుతున్నారు, 4.8 కిలోమీటర్లు. కూర్చునే సముద్రం చూడొచ్చు. యోంగ్‌గుంగ్‌సా గుడి అలల అంచునే ఉంటుంది, చాలా అందం. కానీ 108 మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. అమ్మ ఓపిక చూసుకుని, జనం రాకముందే పొద్దున్నే వెళ్లండి. బొమోసా తేలిక: 678లో కట్టిన గుడి, మెట్రో దిగితే 90 నంబరు బస్సు కొండ మీదికి తీసుకెళ్తుంది. జగల్చి చేపల మార్కెట్ ఊసే ఎత్తకు.

నన్నడిగితే అమ్మకి అన్నిటికన్నా నచ్చేది బూసాన్ పక్క ఊరు గిమ్‌హే. ససాంగ్‌లో లైట్ రైల్ ఎక్కితే పాతకాలపు గయ రాజ్యాన్ని స్థాపించిన సురో రాజు సమాధి పేరుతోనే స్టేషన్ ఉంది. ఆయన రాణి హో హ్వాంగ్-ఓక్ క్రీ.శ. 48లో 'అయుత' దేశం నుంచి ఓడలో వచ్చిందని 'సంగుక్ యుసా' అనే పాత కొరియా గ్రంథంలోని కథ. అయుత అంటే మన అయోధ్యేనా అన్నది చరిత్రకారులు తేల్చలేదు. ఆమె సమాధి దగ్గరున్న రాళ్ల గోపురం, సముద్రం శాంతించడానికి ఆమె ఓడలో తెచ్చుకున్నదేనట. గిమ్‌హే కిమ్, గిమ్‌హే హో అనే వంశాలవాళ్లు ఆ దంపతుల సంతతేనని చెప్పుకుంటారు, అందుకే తమలో తాము పెళ్లి చేసుకోకపోవడం ఆచారం. మా అత్తగారు అది విని "అంటే సగోత్రమన్నమాట!" అని, ఆ రోజంతా ఇంకేమీ మాట్లాడలేదు.

---

అక్క చెప్పనిది తిండి సంగతి. కూరగాయల సూప్ అన్నా ఎండు నెత్తళ్లు మరిగించిన నీళ్లే పోస్తారు. బిబింబాప్‌లో (కూరలు కలుపుకుని తినే అన్నం) మాంసం వద్దంటే తీసేస్తారు, గుడ్డు సంగతి విడిగా చెప్పాలి. కొరియన్‌లో రాసిన చీటీ ఫోన్లో పెట్టుకోండి. ఎలాగైనా డబ్బాలో పులిహోర ఉండాల్సిందే.

దారికి గూగుల్ మ్యాప్స్ కాదు, నేవర్ మ్యాప్ వాడండి. ట్రాన్సిట్ కార్డులో డబ్బులేయాలంటే షాపుల్లో నగదే అడుగుతారు. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించండి, లేకపోతే మారే బస్సుకి తగ్గింపు రాదు. జూన్ చివర్నుంచి వానలు, బయటి ప్లాన్లు ముందే కానిచ్చేయండి.

---

చాలా థాంక్స్ అక్కా, అన్నా. ఆ బీచ్ ట్రైన్‌కి ముందే బుక్ చేయాలా?

---

శని ఆదివారాలైతే చేసుకో. కిటికీ సీటు కోసం కొట్లాడక్కర్లేదు, సీట్లన్నీ సముద్రం వైపే ఉంటాయి.