మనోవ్యాధి ముదిరితే శాశ్వత వైకల్యం మళ్లీ లెక్కగట్టాలా?

పట్టాలమీద:
నేను రైలు నడిపేవాణ్ని. రెండుసార్లు నా బండి ముందు మనుషులు దూకారు. రెండోసారి దూకినామె నా వైపే చూసింది. డాక్టర్లు పీటీఎస్‌డీ అన్నారు, అంటే ఘోరం చూశాక మనసును వదలని గాయం. ఏడాదిన్నర ట్రీట్‌మెంట్ అయ్యాక "ఇక స్థిరపడింది" అని 8 శాతం వైకల్యం రాశారు. పరిహారం తీసుకుని సంతకం పెట్టాను. నాలుగేళ్లయింది. అప్పట్లో మా ఆవిడ తోడుంటే స్టేషన్ దాకా వెళ్లగలిగేవాణ్ని. ఇప్పుడు కూత వినబడితే చాలు, ఒళ్లంతా చెమటలు, కాళ్లు కదలవు.

మళ్లీ లెక్కగట్టమంటే రెండు మాటలు చెప్పారు. ఒకసారి తేలిన శాతం తేలినట్టేనట. పైగా ఇరవై రెండేళ్లప్పుడు మా నాన్న పోయి ఐదు నెలలు డిప్రెషన్ మందులు వాడాను కాబట్టి, ముదిరింది ఆ పాత జబ్బేనట! ఆ తర్వాత పందొమ్మిదేళ్లు ఒక్క మాత్ర వేసుకోకుండా బండి నడిపాను. ఇదెక్కడి న్యాయం?

లెక్కలమనిషి:
మీ బాధ అర్థమైంది. కానీ శాశ్వతం అని రాశాక ముదరడం ఏమిటండీ? ముదిరిందంటే అప్పుడు రాసింది తప్పన్నా కావాలి, ఇప్పుడున్నది వేరే జబ్బన్నా కావాలి. డబ్బిచ్చేవాడికీ ఎక్కడో ఒకచోట లెక్క ముగియాలి కదా. శాతంలోంచి పాత జబ్బు వాటా తీసేయడంలో కూడా నాకు తప్పు కనిపించడం లేదు.

వార్డుడ్యూటీ:
ఇలాంటి అసెస్‌మెంట్లలో కొన్నాళ్లు పనిచేశాను. లెక్కలమనిషి గారూ, అక్కడ "శాశ్వతం" అంటే రాయిలా ఉండిపోయేదని కాదు. ట్రీట్‌మెంట్ ఇచ్చినా ఇవ్వకపోయినా వచ్చే ఏడాదిలో పెద్ద మార్పు ఉండకపోవచ్చని వైద్యుల అంచనా, అంతే. అంచనా తప్పొచ్చు. గాయపడిన మోకాలు కొన్నేళ్లకు అరిగిపోతే మళ్లీ చూడమని అడిగే వీలు చాలా చట్టాల్లో ఉంది, గడువు మాత్రం పెడతారు. మనసుకి ఎందుకుండకూడదు?

పట్టాలమీద గారూ, ఆ 8 శాతం ఎలా వచ్చిందో చూశారా? మనోవ్యాధి వల్ల వచ్చిన వైకల్యాన్ని కొలవడానికి ఆస్ట్రేలియాలో తయారైన పీఐఆర్‌ఎస్ అనే పద్ధతి ఉంది. వైకల్యం లెక్కగట్టడానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వేసే గైడ్స్ పుస్తకం ఆరో ఎడిషన్‌లోకి కూడా వచ్చింది. సొంత శుభ్రత, నలుగురిలో తిరగడం, ప్రయాణం, బంధాలు, ఏకాగ్రత, ఉద్యోగం చేయగలగడం. ఈ ఆరింటికీ ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా వేస్తారు, అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువని. తర్వాత సగటు తీయరు, వరసలో పెట్టి మధ్య అంకె తీసుకుంటారు. అది రెండున్నరలా సగంతో వస్తే పై అంకెకి సరిచేస్తారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మధ్య అంకె 2 అయితే వైకల్యం 4 నుంచి 10 శాతం, 3 అయితే 11 నుంచి 30. ఒకరికి 1, 1, 2, 2, 3, 5 వచ్చాయనుకోండి. ఆ 5 ఉద్యోగానిది అయితే అతను అసలు పనే చేయలేడు. అయినా మధ్య అంకె 2.

లెక్కలమనిషి:
సగటు తీస్తే ఒక్క అంకె పెంచి చెప్పుకుని లాభపడొచ్చు. మధ్య అంకె పెట్టింది అందుకే.

ఒక్కమాట:
పెంచి చెబుతారనే అనుమానంతోనే మొదలుపెట్టారు మీరు.

పట్టాలమీద:
నేనేం పెంచి చెప్పాను సార్? టీవీ ముందు కూర్చున్నా నా చేయి దానంతటదే బ్రేకు వేస్తున్నట్టు ముందుకు తోస్తుంది. మా ఆవిడ ఆ చేయి పట్టుకుని కూర్చుంటుంది. ఇదేనా నా పాత జబ్బు? మా నాన్న పోయినప్పుడు నా చేయి ఇలా కదల్లేదు.

లెక్కలమనిషి:
నా రెండు వేళ్లు ప్రెస్ మెషీన్‌లో పోయాయి. ఏ కణుపు దగ్గర తెగాయో స్కేలు పెట్టి కొలిచారు. ఎక్స్‌రే ఉంది. మీ దగ్గరేముంది? మాటలే కదా!

సాయంత్రంషిఫ్ట్:
మాటలే కదా అంటే ఎలా? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో పీటీఎస్‌డీ పేరుతో సహా ఉంది.

వార్డుడ్యూటీ:
పాత జబ్బు ఉండటం వేరు, దానివల్ల ప్రమాదం నాటికి వైకల్యం మిగిలి ఉండటం వేరు. పందొమ్మిదేళ్లు బండి నడిపిన మనిషికి మిగిలిన వైకల్యం ఎంతని తీసేస్తారు?

ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. లెక్కలమనిషి గారూ, వేళ్లు పోయాక మళ్లీ ప్రెస్ దగ్గరికి వెళ్లగలిగారా?

లెక్కలమనిషి:
లేదు. రెండేళ్లు నిద్ర లేదు. రాత్రంతా ఆ దడదడ చెవుల్లోనే. చెబితే, వేళ్ల వల్ల వచ్చిన దిగులు శాతంలోకి రాదన్నారు. రిపోర్టులో ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. నాకు ఒక్కసారి కూడా లెక్కపెట్టనిదాన్ని ఇంకొకరికి రెండోసారి లెక్కపెట్టమంటున్నారు. అదీ నా మంట.

వార్డుడ్యూటీ:
న్యూ సౌత్ వేల్స్ చట్టంలో కూడా అంతే. శరీరానికైన గాయం వెంట వచ్చిన మనోవ్యాధికి శాశ్వత వైకల్య పరిహారం ఇవ్వరు. మీకు జరిగింది అన్యాయమనే నా అభిప్రాయం.

పట్టాలమీద:
అన్నా, మరి మీకు రాలేదని నాదీ ఆపమంటారా, మీదీ లెక్కపెట్టమంటారా?

లెక్కలమనిషి:
నాది లెక్కపెట్టాల్సింది. పాత జబ్బు వాటా విషయంలో మాత్రం నా మాట మార్చను.

పట్టాలమీద:
వార్డుడ్యూటీ గారూ, పాత రిపోర్టు తీసి చూశాను. ఆ పద్ధతే. 2, 2, 2, 2, 3, 4. ప్రయాణానికి 2 వేశారు. 2కీ 3కీ తేడా ఏమిటి?

వార్డుడ్యూటీ:
తోడు లేకుండా తెలిసిన దారుల్లో వెళ్లగలిగితే 2. తోడు లేనిదే ఇల్లు దాటలేకపోతే 3.

పట్టాలమీద:
ఆ రోజు డాక్టరు దగ్గరికి నన్ను తీసుకెళ్లింది మా ఆవిడే. బయట బెంచీ మీద కూర్చుంది. ఎలా వచ్చావని నన్నెవరూ అడగలేదు.