పాత మాగ్నెటోల పోలిక: బెంచ్ మీద చల్లగా పరీక్షిస్తే చాలా?

ఇరుసు:
బాష్ కంపెనీ మాగ్నెటోలు (బ్యాటరీ లేకుండా అయస్కాంతంతో ఇంజిన్‌కి స్పార్క్ పుట్టించే యంత్రాలు) డీయూ4, జెడ్‌యూ4లలో ఏది మేలో తేల్చడానికి నా లెక్కలో ఒకటే దారి. పాయింట్ల (తెరుచుకుని కరెంటుని తెంచే స్విచ్చు కొనల) గ్యాప్ 0.4 మి.మీ., స్పార్క్ దూకాల్సిన మూడు సూదుల గ్యాప్ 5.5 మి.మీ. పెట్టి నెమ్మదిగా తిప్పాలి. ఒక్కటీ తప్పకుండా స్పార్క్ పడే అతి తక్కువ స్పీడు రాసుకోవాలి. దేనిది తక్కువైతే అదే మేలు.

మెగ్గర్‌రావు:
చల్లటి ఆర్మేచర్ (తీగ చుట్ట, అంటే వైండింగ్, ఉన్న తిరిగే భాగం) ఏదైనా పాసవుతుందండీ. వేడెక్కితే తీగల మీది షెల్లాక్ (లక్క పూత) మెత్తబడుతుంది, లోపలి కండెన్సర్ (పాయింట్ల దగ్గర రవ్వలు రాకుండా ఆపే భాగం) లీకవుతుంది. 70 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచి, చల్లారకముందే మళ్లీ తిప్పండి.

ఇరుసు:
5.5 ఊరికే పెట్టలేదు. సిలిండర్ ఒత్తిడిలో ప్లగ్ చిన్న గ్యాప్ దూకడానికి కావలసిన వోల్టేజీకి అది బదులు. మూడో సూది లేకపోతే రీడింగ్ నిలకడగా రాదు.

కీపర్:
రెండిటి అయస్కాంతాలకీ ఛార్జి ఎక్కించారా? ఆర్మేచర్ తీసినప్పుడు మెత్తని ఇనప ముక్క అడ్డం పెట్టకపోతే బలం పడిపోతుంది. ఒకదానికే ఎక్కిస్తే ఆ పోలికకి విలువ లేదు.

మెగ్గర్‌రావు:
మళ్లీ సూదులేనా ఇరుసు గారూ! వేడి సంగతి అడిగాను. టైమింగ్ లివర్ పూర్తి రిటార్డ్‌లో (స్పార్క్ ఆలస్యంగా పడేలా) పెట్టి కొలిచారా? స్టార్ట్ చెయ్యడానికి క్రాంక్ తిప్పేది అక్కడే. పాయింట్లు తెరుచుకునేసరికి ఆర్మేచర్ అంచు అయస్కాంతం పోల్ నుంచి దూరం జరిగిపోయి స్పార్క్ బలహీనపడుతుంది. అడ్వాన్స్‌లో (స్పార్క్ ముందుగా పడేలా పెట్టి) వచ్చిన అంకె స్టార్టింగ్‌కి పనికిరాదు. కండెన్సర్‌ని కూడా ప్రైమరీ (లావు తీగ చుట్ట) నుంచి విడదీసి 500 వోల్టులతో చూడాలి.

గ్యారేజి:
హెచ్‌టీ (ప్లగ్‌కి వెళ్లే హై వోల్టేజీ) తీగ ఊడదీసి వదిలేసి తిప్పకండి. సేఫ్టీ గ్యాప్ (ఎక్కువైన వోల్టేజీ దూకిపోయే ఖాళీ) ఉన్నా ఇన్సులేషన్ మీద భారం పడుతుంది.

ఇరుసు:
విడదీయాలంటే నూరేళ్ల ఆర్మేచర్ విప్పాలి! పరీక్ష పేరు చెప్పి అసలుది పీకేసి కొత్త కండెన్సర్ పెట్టాలన్నదే మీ పట్టు.

మెగ్గర్‌రావు:
అవును, పెట్టాలి. బండి రోడ్డు మీద నడవాలి. అద్దాల బీరువాలో ఉంచేదైతే మీ పరీక్ష చాలు.

ఇరుసు:
ఆనాటి వైండింగ్, ఆనాటి షెల్లాక్ ఒకసారి పోతే మళ్లీ రావు. నడుస్తున్నంత కాలం ముట్టుకోకూడదు.

కీపర్:
పాయింట్ల ప్లేటు వెనకాల చిన్న కండెన్సర్ పెడితే? వైండింగ్ ముట్టుకోనక్కర్లేదు.

మెగ్గర్‌రావు:
పాతది లోపల తెగిపోయి ఉంటే సరిపోతుంది. లీకవుతుంటే పక్కన ఎంత మంచిది కలిపినా కరెంటు ఆ లీకులోంచే పోతుంది. వేరుచెయ్యాల్సిందే.