అప్‌డేట్: లేజర్‌కీ రింగ్‌కీ మధ్య ఐసోలేటర్ ఎందుకు పెట్టరు?

హన్మకొండలో ఎంటెక్ సెమినార్ కోసం అడిగాను, గుర్తుందా? వెనక్కి వచ్చే కాంతి సెమీకండక్టర్ లేజర్‌ను పాడు చేస్తుంది కదా, మరి ఫ్రీక్వెన్సీ కోంబ్ చిప్‌లో (ఒకే లేజర్ కాంతిని చిన్న రింగ్‌లో తిప్పి, సమాన దూరంలో ఉండే ఎన్నో ఫ్రీక్వెన్సీ లైన్లుగా మార్చే చిప్) దాన్ని ఐసోలేటర్‌తో, అంటే కాంతిని ఒకే వైపు పోనిచ్చే భాగంతో, ఎందుకు ఆపరు అని.

సెమినార్ అయిపోయింది. ఇక్కడ ఒక అన్న చెప్పిందే నిజం, అసలు పని చేసేదే ఆ వెనక్కి వచ్చే కాంతి. సిలికాన్ నైట్రైడ్ రింగ్ గోడల గరుకుకు కొంత కాంతి చెదిరి లేజర్‌లోకి తిరిగొస్తుంది. రెజొనెన్స్ (రింగ్‌లో కాంతి బాగా పోగయ్యే ఫ్రీక్వెన్సీ) దగ్గరే అది గట్టిగా ఉంటుంది కాబట్టి లేజర్ ఆ ఫ్రీక్వెన్సీకే అతుక్కుంటుంది, లైన్‌విడ్త్ (లేజర్ ఫ్రీక్వెన్సీ పరుచుకునే వెడల్పు) బాగా సన్నబడుతుంది. కాకపోతే తిరిగొచ్చే కాంతి అలల ఫేజ్ లేజర్‌లోని కాంతితో కుదరాలి. లేజర్‌కీ చిప్‌కీ మధ్య దూరం మైక్రాన్‌లో కొద్ది భాగం జరిగినా లెక్క తప్పుతుంది. సిమ్యులేషన్‌లో నాకు టెన్షన్ పెట్టింది ఇదే.

కోంబ్ లైన్ల మధ్య దూరం మాత్రం తేలిగ్గా వచ్చింది. గ్రూప్ ఇండెక్స్ (రింగ్‌లో కాంతి పల్స్ శూన్యంలో కంటే ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) 2.1 అనుకుంటే 100 గిగాహెర్ట్జ్ దూరానికి రింగ్ చుట్టుకొలత సుమారు 1.43 మిల్లీమీటర్లు, అంటే ఆవగింజ కంటే చిన్న రింగ్!

పరిశోధకులు 2018లో చూపించిన, బ్యాటరీతో నడిచే కోంబ్ గురించిన స్లైడ్‌కే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. రింగ్ వేడెక్కి రెజొనెన్స్ పక్కకు జరిగిపోవడం గురించి విడిగా అడుగుతాను.