పిల్లల ఆటలకు స్క్రాచ్ చాలునా, ప్యాకేజర్ కావాలా?

ప్రశ్న అడిగిన సభ్యుడు: మా ఎనిమిదో తరగతి పిల్లలు స్క్రాచ్‌లో (ఆదేశాల బ్లాకులను పేర్చి ప్రోగ్రాములు తయారుచేసే సాధనం) తయారుచేసిన ఆటలను ఇంటర్నెట్ లేని ఇళ్లలోనూ ఆడుకునేలా, టర్బోవార్ప్ (స్క్రాచ్ ఆటలను నడిపే మరో సాఫ్ట్‌వేర్) ప్యాకేజర్‌తో విండోస్ అప్లికేషన్లుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో ఇద్దామనుకుంటున్నాను. ప్యాకేజర్ ఉండగా ఇక స్క్రాచ్ సైట్‌తో పనేమిటని సహోపాధ్యాయులొకరు అడిగారు. రెండింటిలో ఏది మేలో చెప్పగలరు.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు: నా ఓటు ప్యాకేజర్‌కే. తాను చేసిన ఆట ఐకాన్ నొక్కగానే తెరుచుకుంటే పిల్లవాడికి కలిగే ఉత్సాహం తక్కువేమీ కాదు. పైగా టర్బోవార్ప్ బ్లాకులను బ్రౌజర్ నడిపే జావాస్క్రిప్ట్ భాషలోకి మారుస్తుంది (కంపైల్ చేస్తుంది) కాబట్టి, లెక్కలు ఎక్కువగా ఉండే ఆటలు స్క్రాచ్‌లో కంటే వేగంగా నడుస్తాయి.

స్క్రాచ్ బోధించే ఉపాధ్యాయిని: ఇంజనీరు గారితో నేను ఏకీభవించలేను. అసలు ఈ రెండూ పోటీపడే వస్తువులే కావు. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన స్క్రాచ్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే చోటు. ప్యాకేజర్ అప్పటికే పూర్తయిన ప్రాజెక్టును, దాన్ని నడిపే ఇంజన్‌తో కలిపి మూటకట్టే సాధనం మాత్రమే. బ్లాకులు పేర్చడం రానివారికి అది నేర్పేదేమీ లేదు.

వేగం సంగతీ జాగ్రత్తగా చూడాలి. స్క్రాచ్ సెకనుకు 30 ఫ్రేములతో, అంటే తెరను సెకనుకు 30 సార్లు మళ్లీ గీస్తూ నడుస్తుంది. ఫ్రేముకొకసారి తిరిగే నిరంతర లూప్‌లో బొమ్మ ప్రతిసారీ 10 అడుగులు (స్క్రాచ్‌లో ఒక అడుగంటే ఒక యూనిట్) కదిలితే, 480 యూనిట్ల వెడల్పున్న వేదికను 1.6 సెకన్లలో దాటుతుంది. ప్యాకేజర్‌లో ఫ్రేముల సంఖ్యను 60కి పెంచితే అదే బొమ్మ 0.8 సెకన్లలోనే దాటేస్తుంది. ఆడేవారికి పట్టుకునే వ్యవధే ఉండదు. ఎందుకిలా జరిగిందో పిల్లలకు అర్థం కావాలంటే మళ్లీ బ్లాకుల దగ్గరికే రావాలి.

ఇంతకన్నా నన్ను బాధించేది మరొకటి. స్క్రాచ్ సైట్‌లో ఏ ఆటనైనా లోపలికి వెళ్లి చూడవచ్చు, మార్చి రీమిక్స్ చేయవచ్చు. ప్యాకేజీలో ఆ తలుపు కనబడదు. తోటి పిల్లవాడి ఆటను విప్పి చూసి నేర్చుకునే అవకాశాన్ని మనమే ఎందుకు మూసివేయాలి? ఇంటర్నెట్ లేకపోవడమే అడ్డంకి అయితే, ముందుగా దించుకుని పెట్టుకునే స్క్రాచ్ యాప్ ఉంది. ఎస్‌బి3 ఫైలును (స్క్రాచ్ ప్రాజెక్టును భద్రపరిచే ఫైలు) అందులో తెరిస్తే ఆటా ఆడవచ్చు, బ్లాకులూ చూడవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు: ఫ్రేముల విషయం ఒప్పుకుంటున్నాను. అయితే ఊళ్లో ఉన్న తాతయ్యకు ఆట చూపించాలనుకునే పిల్లవాడు ముందు ఆయన కంప్యూటర్‌లో స్క్రాచ్ యాప్ ఎక్కించాలనడం న్యాయం కాదు. విండోస్ అప్లికేషన్‌కు బదులు హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైలుగా చేయండి. అప్లికేషన్‌లో క్రోమియం బ్రౌజర్ మొత్తం ఇమిడి ఉంటుంది కాబట్టి చిన్న ఆట కూడా వంద ఎంబీ దాటుతుంది, తయారీదారు డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామని విండోస్ హెచ్చరిస్తుంది కూడా. హెచ్‌టీఎంఎల్ ఫైలు కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్న బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది.

ఉపాధ్యాయిని: అలాగైతే నాకు అభ్యంతరం లేదు, కానీ అదే పెన్‌డ్రైవ్‌లో ఎస్‌బి3 ఫైలునూ పెట్టండి. సైట్‌లోని ఇతరుల ఆటను రీమిక్స్ చేసి ఉంటే, అక్కడ పంచుకున్నవన్నీ తయారుచేసినవారి పేరు చెప్పి వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందివే కనుక, మూల రచయిత పేరు ఆట మొదటి తెరపైనే కనబడాలి.