పాత ఫోన్ తీగ మీద స్పీడు పెరగాలంటే పవర్ పెంచాలా?

నీలిచుక్క:
మాకు ఇంకా ఫైబర్ రాలేదండీ. పాత ఫోన్ తీగ మీదే వీడీఎస్ఎల్ (ఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ ఇంటర్నెట్‌లో ఒక రకం) నడుస్తోంది. పగలంతా బాగానే ఉంటుంది. చీకటి పడ్డాక ఎస్ఎన్ఆర్ మార్జిన్ (లైన్ తెగకుండా ఇంకెంత రొదను తట్టుకోగలదో చెప్పే లెక్క) 6 డెసిబెల్స్ నుంచి 2కి జారి లైన్ తెగిపోతోంది, మళ్లీ కలిసేసరికి స్పీడు తగ్గుతోంది. తీగ అవతలి చివర కంపెనీ వాళ్ల పెట్టెలో సిగ్నల్ పవర్ పెంచమని అడగొచ్చా? అలా చేస్తే కరెంటు ఎక్కువ ఖర్చవుతుందా?

జంటతీగ:
పవర్ పెంచమని మాత్రం అడక్కండి. నాది కేబుల్ జాయింట్ల పని, రోజూ చూసేదే చెప్తున్నా. ఒక్కో లైన్‌కి ఒక తీగల జత ఉంటుంది, ఒకే కేబుల్లో అలాంటి పదుల జతలు ఆనుకుని పోతాయి. మీ సిగ్నల్ పక్క జతలోకి, వాళ్లది మీ జతలోకి కొంత కారుతుంది. దాన్నే క్రాస్‌టాక్ అంటాం. గదిలో అందరూ గొంతు పెంచితే ఏమవుతుందో ఇక్కడా అదే: కరెంటు అందరికీ పెరుగుతుంది, స్పీడు ఎవరికీ పెరగదు.

దీనికి సరైన మందు వెక్టరింగ్. 2010లో జి.993.5 పేరుతో ప్రమాణంగా వచ్చింది. అన్ని లైన్ల సిగ్నలూ ఆ పెట్టె నుంచే బయల్దేరతాయి కాబట్టి, ఏది దేనిలోకి ఎంత కారుతుందో అది ముందే లెక్కగట్టి, విరుగుడు కలిపి పంపుతుంది. ఒక్క పాత లైన్ ఈ లెక్కలోకి రాకపోయినా దాని రొద మిగిలిపోతుంది. మీ లైన్‌లో వెక్టరింగ్ ఉందేమో అడగండి.

ఇక చీకటి పడ్డాకే ఎందుకంటే, మీడియం వేవ్ రేడియో రాత్రిళ్లు చాలా దూరం ప్రయాణిస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీలు డీఎస్ఎల్ వాడే పట్టీలోనే ఉన్నాయి. జత మెలి సరిగా ఉంటే పెద్దగా పట్టించుకోదు. జాయింట్ తుప్పు పట్టి రెండు తీగల మధ్య సమతూకం చెడితే ఆ జతే యాంటెనా అయిపోతుంది. పొరుగువాళ్ల మోడెమ్‌లూ, నాసిరకం చార్జర్లూ అప్పుడే ఆన్ అవుతాయి, అదొకటి.

మోడెమ్‌లో టోన్‌కి (సిగ్నల్‌ని విడగొట్టిన ఒక్కో సన్నటి ఫ్రీక్వెన్సీ పట్టీకి) ఎన్ని బిట్లో చూపించే గ్రాఫ్ రాత్రిపూట తెరవండి. సన్నటి లోతైన గండ్లు కనిపిస్తే రేడియో. మొత్తం కుంగితే క్రాస్‌టాక్. అలలు అలలుగా ఉంటే ఎక్కడో చివర వదిలేసిన ఎక్స్‌టెన్షన్ తీగ వేలాడుతోందని అర్థం.

మౌనరాగి:
కరెంటు సంగతి నేను చెప్తా. డీఎస్ఎల్ సిగ్నల్లో అరుదుగా పెద్ద శిఖరాలు వస్తాయి. వాటి కోసం లైన్ డ్రైవర్ (సిగ్నల్‌ని తీగలోకి పంపే యాంప్లిఫయర్) ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, అందుకే తీసుకున్న కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. వీడీఎస్ఎల్ కంటే తక్కువ స్పీడు రకమైన ఏడీఎస్ఎల్2లో ఎల్2 అని పవర్ తగ్గించే స్థితి పెట్టారు. కానీ ఒక లైన్ పవర్ హెచ్చుతగ్గులైతే పక్కవాళ్లకు రొద కూడా మారుతుంది, వాళ్ల లైన్ తెగుతుంది. ఆ భయంతో దాన్ని వాడడానికి చాలామంది వెనకాడారు. తర్వాత వచ్చిన డీఎస్ఎల్ రకం జి.ఫాస్ట్ నయం: పంపడం, అందుకోవడం వంతులవారీగా సాగుతాయి, డేటా లేని వేళ ట్రాన్స్‌మిటర్‌ని ఆపేయొచ్చు. అయితే పెట్టె ఇంటికి బాగా దగ్గరగా ఉండాలి.

నీలిచుక్క:
గ్రాఫ్ చూశానండీ. అలలూ ఉన్నాయి, కింద రెండు సన్నటి గండ్లూ ఉన్నాయి. పక్క గదిలోకి లాగిన ఎక్స్‌టెన్షన్ విప్పేశాను, అలలు పోయాయి. గండ్లు అలాగే ఉన్నాయి.

జంటతీగ:
అయితే జాయింట్ చూడాల్సిందే. ఫిర్యాదులో "స్పీడు తక్కువ" అని రాయకండి, "జతలో సమతూకం పరీక్షించండి" అని రాయండి. అప్పుడే మీటరు పట్టుకుని వస్తారు.