బతుకమ్మ పాటకు బల్గేరియా గొంతులు కలపొచ్చా?

తార్నాక శ్రోత:
వాయిద్యాలు లేకుండా గొంతులతోనే పాడే ఒక మహిళా బృందం కచేరీ ఈ మధ్య మన హైదరాబాద్‌లో విన్నాను. బల్గేరియా పల్లెపాటల్లోలాగా రెండు గొంతులు పక్కపక్క స్వరాల మీద ఒరుసుకుంటూ నిలబడ్డాయి. మధ్య ఆఫ్రికాలోని అకా తెగవాళ్ల పద్ధతిలో మిగతావాళ్లు తలా ఒక చిన్న ముక్క పట్టుకుని అల్లుతూ పోయారు. వాటి మధ్యలోంచి ‘ఉయ్యాలో’ అంటూ బతుకమ్మ పాట లేచింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన “ఇది బతుకమ్మ కాదు” అని లేచి వెళ్లిపోయారు.

నేను ఆ బృందం వైపే. బతుకమ్మ మొదటినుంచీ ఆడవాళ్లు వాయిద్యం లేకుండా పాడుకున్న పాట. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకుంటారు, చప్పట్లే తాళం. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక వేదికలు పెరిగాయి, డీజే బాక్సులూ పెరిగాయి. చాలా కాలనీల్లో ఇప్పుడు పాడే పనే లేదు, స్పీకర్‌లో పాట వస్తుంటే చుట్టూ తిరగడమే. ఇలాంటప్పుడు సొంత గొంతుతో పాడే ఆడవాళ్లు ఎక్కణ్నుంచి ఏ పద్ధతి తెచ్చుకున్నా నాకు సంతోషమే. మీరేమంటారు?

సిద్దిపేట ఆడపడుచు:
డీజేల గురించి మీరన్నది నిజం. మిగతాది ఒప్పుకోను. బతుకమ్మ పాట కూర్చుని వినేది కాదండీ, కలిసి పాడేది. మా ఊళ్లో శ్రుతి తప్పిందని ఎవరినీ ఆపరు, గొంతు బాగాలేదని ఎవరూ వెనక్కి తగ్గరు. శిక్షణ ఉన్న నలుగురైదుగురు వేదికెక్కి పాడితే, కింద ఉన్న ఆడవాళ్లకు చివర్లో చప్పట్లు కొట్టడమే మిగులుతుంది. డీజే చేసిందీ అదే కదా?

ఇంకోటి. ఆ పాటల్లో కథలుంటాయి. అత్తింటి కష్టం, పుట్టింటి మీద బెంగ, అన్నదమ్ముల మాట. నాలుగు గొంతులు నాలుగు వైపులా పోతే మాట వినపడదు. మాట పోయాక ఇంకేం మిగిలింది?

ఆల్టో అక్క:
నేను చర్చి కాయిర్‌లో (బృందగానంలో) ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు, పాడతాను, కర్ణాటక సంగీతం కూడా కొంత నేర్చుకున్నాను. ఏం కలిపారన్నది కాదు, ఎలా కలిపారన్నది చూడాలి.

మన పాటకు పియానో కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, తగిలిస్తే చెడుతుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ దూరం 100 సెంట్లు అనుకుంటే, పియానో మీది అంతర గాంధారం తంబూరాలో సహజంగా పలికే గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు పైన ఉంటుంది. తంబూరాకు అలవాటు పడ్డ చెవికి అది గుచ్చుకుంటుంది. పైగా గమకంతో ఊగే స్వరం కింద కదలని కార్డ్ పెడితే రెండూ దెబ్బతింటాయి. ఆడవాళ్ల బృందానికి ఇంకో ఇబ్బంది, బేస్, అంటే అన్నిటికన్నా కింద ఉండే మగ గొంతు, ఉండదు. ఆల్టో ఎంత దిగినా బేస్ ఇంకో స్థాయి కిందే ఉంటుంది. అందుకే కొన్ని బృందాలు నోటితోనే డ్రమ్ము చప్పుళ్లు చేసే బీట్ బాక్సింగ్‌తో ఆ ఖాళీ నింపేస్తాయి, మన పాట చప్పట్ల నడక దాంట్లో మునిగిపోతుంది.

కానీ బల్గేరియాలో షోప్ ప్రాంతం ఆడవాళ్లు ఎలా పాడతారో వినండి. ఒకరు పాట నడిపిస్తే మిగతావాళ్లు ఒకే స్వరం పట్టుకుని నిలబడతారు. బేస్ అక్కర్లేదు, కార్డ్స్ అక్కర్లేదు. మనకు శ్రుతి ఉన్నట్టే. నేను విన్న బతుకమ్మ వరసలు చాలావరకు ఐదారు స్వరాల్లోనే తిరుగుతాయి, వాటికి ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది.

ఆ మాటకొస్తే మనం బల్గేరియా గాత్రం అనుకునేదీ చాలావరకు కలిపిందే. 1951లో ఫిలిప్ కుతేవ్ పల్లెల నుంచి గాయనులను తెచ్చి ప్రభుత్వ బృందం పెట్టాడు, వాళ్ల పాటలకు పాశ్చాత్య పద్ధతిలో చాలా గొంతుల కూర్పు రాశాడు. ఆ దారిలో వచ్చిన మహిళా కాయిర్ రికార్డుకే 1990లో గ్రామీ వచ్చింది. అయినా పల్లెపాట చచ్చిపోలేదు. సోఫియా పక్కనున్న బిస్త్రిత్సా ఊరి అవ్వలు పాత పద్ధతిలోనే పాడుతూ వచ్చారు, 2005లో యునెస్కో గుర్తింపు పొందారు. రెండూ ఉండొచ్చు, సిద్దిపేట అక్కా.

రేడియో పిచ్చి:
నా ప్రశ్న వేరు. పాట ఎవరిదో చెప్పారా?

1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచ్ బృందం ఒక జోలపాటను వాడుకుని ప్రపంచమంతా అమ్మింది. అది సోలమన్ దీవుల్లో అఫునాక్వా అనే ఆవిడ పాడగా హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు రికార్డు చేసిన పాట. వాడుకోవడానికి తాను ఒప్పుకోలేదని జెంప్ తర్వాత రాశాడు. ఆ పాటనే నార్వే కళాకారుడు యాన్ గర్బారెక్ మళ్లీ వాయించి, ఆఫ్రికా పిగ్మీల జోలపాట అని పేరు పెట్టాడు. పాడినావిడ పేరూ పోయింది, ఊరూ పోయింది, ఖండం కూడా మారిపోయింది. దీనికి ఎదురుగా జాప్ మామా మహిళా బృందాన్ని చూడండి. దాన్ని పెట్టిన మరీ డాల్న్ కాంగోలో పుట్టి బెల్జియంలో పెరిగింది. తిరిగి కాంగో వెళ్లి, అక్కడి పిగ్మీల దగ్గరే వాళ్ల గాత్రం నేర్చుకుంది.

హైదరాబాద్ అమ్మాయిలు ఆ పాట ఏ ఊళ్లో ఏ పెద్దావిడ దగ్గర నేర్చుకున్నారో మైకులో చెప్పారా, లేక ‘జానపదం’ అని వదిలేశారా?

తార్నాక శ్రోత:
చెప్పలేదు. ‘తెలంగాణ జానపదం’ అన్నారంతే. బల్గేరియా పాటకు మాత్రం ఏ ప్రాంతానిదో చెప్పారు. ఇది వాళ్లు తప్పకుండా సరిచేసుకోవాలి.

సిద్దిపేట అక్కా, మాట వినపడాలన్న మీ పట్టుదల నాదీ. ఆ రోజు ఎత్తుకున్న అమ్మాయి మాటలు స్పష్టంగానే వినపడ్డాయి, మిగతావాళ్లు అల్లడం మొదలుపెట్టాకే కలిసిపోయాయి. అకా పద్ధతిని చరణానికీ చరణానికీ మధ్య ఉంచి, చరణం నడుస్తున్నప్పుడు ఒక్క శ్రుతి గొంతు పెడితే చాలు. ‘ఉయ్యాలో’ దగ్గర వాళ్లు ఆగి సభవైపు చెయ్యి చూపిస్తే హాల్లో సగం మందికైనా అందుకోవడం వచ్చు. ఇంత చేస్తే చాలదా?

సిద్దిపేట ఆడపడుచు:
చెయ్యి చూపించి పాడించడం వేరు, మధ్యలో ఎవరైనా తమకు వచ్చిన చరణం ఎత్తుకునే చోటు ఉండటం వేరు. మా దగ్గర ఒకరు ఆపితే ఇంకొకరు ఎత్తుకుంటారు. వేదిక మీద ఆ చోటు ఎవరికిస్తారు? పాట నేర్పిన పెద్దావిడను పిలిచి ఆమెతోనే ఎత్తించి, ఈ అమ్మాయిలు అందుకోనివ్వండి. అప్పుడు బల్గేరియా గొంతు కలిపినా నాకు అభ్యంతరం లేదు. అప్పటిదాకా నేను ఆ పెద్దాయనతోనే.